మీ అప్‌డేట్‌తో ఆగిపోయిన ల్యాప్‌టాప్‌ని లేపే దారి కూడా మీరే ఇవ్వాలి

ల్యాప్‌టాప్ కంపెనీల్లో ఫర్మ్‌వేర్ (మెషీన్ ఆన్ అవ్వగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రామ్) రాసేవాళ్ళకీ, దాన్ని ఎప్పుడు విడుదల చేయాలో తేల్చేవాళ్ళకీ, సర్వీస్ సెంటర్లకు నియమాలు రాసిచ్చేవాళ్ళకీ,

నమస్కారం.

ఆ రాత్రి పదకొండు దాటింది. మా చెల్లి థీసిస్ చివరి అధ్యాయంలో ఆ రోజు రాయాల్సింది రాసుకుని, సేవ్ చేసుకుని, షట్‌డౌన్ చేద్దామని చూస్తే అక్కడ "అప్‌డేట్ చేసి షట్‌డౌన్" అని కనిపించింది. నెలలో రెండు మూడు సార్లు కనిపించే మాటే కాబట్టి నొక్కేసింది. చార్జర్ పెట్టే ఉంది, బ్యాటరీ నిండుగా ఉంది. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి స్క్రీన్ మీద కంపెనీ లోగో, దాని కింద ఒక గీత, సిస్టమ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అవుతోంది, ఆపకండి అన్న ముక్క. తను ఆపలేదు, ముట్టుకోలేదు కూడా. గీత నిండింది, స్క్రీన్ చీకటైంది, ఫ్యాన్ ఒక్కసారి గట్టిగా తిరిగి ఆగింది. అంతే, ఆ తర్వాత పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా క్యాప్స్ లాక్ లైటు కాసేపు మిణుకుమనడం తప్ప ఇంకేం లేదు.

పన్నెండింటికి నన్ను లేపింది. "అన్నయ్యా, నేనేమీ చేయలేదు" అన్నది తన మొదటి మాట. ఆ మాట మీ అందరికీ వినిపించాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీరు పంపిన ఫైల్, మీరు సంతకం చేసిన ఫైల్, మీరు చెప్పిన పద్ధతిలో ఎక్కింది. ఎక్కకముందు పనిచేసిన మెషీన్ ఎక్కాక పనిచేయలేదు. తప్పు చేసినట్టు భయపడింది మాత్రం తను.

నాకు తెలిసినవన్నీ చేశాను. చార్జర్ తీసేసి పవర్ బటన్ ముప్పై సెకన్లు, తర్వాత అరవై సెకన్లు పట్టుకున్నాను. బయోస్, అంటే ఈ ఫర్మ్‌వేరే, మారాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని కొత్తగా సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చనీ, ముఖ్యంగా కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ ఉన్నవాటిలో ఆ సేపంతా స్క్రీన్ నల్లగానే ఉంటుందనీ చదివి, ముట్టుకోకుండా ముప్పావుగంట వదిలేశాను. వేరే మానిటర్ తగిలించి చూశాను. వెనక మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ తీసేసి తెల్లారేదాకా అలా ఉంచాను. ర్యామ్ తీసి, దుమ్ము తుడిచి మళ్ళీ పెట్టాను. క్యాప్స్ లాక్ లైటు ఎన్నిసార్లు వెలిగి ఎంతసేపు ఆగుతోందో కాగితం మీద లెక్క రాసుకున్నాను. ఆ లెక్కకి అర్థం ఆ మోడల్ మాన్యువల్లో ఎక్కడా లేదు. మీరే పెట్టిన లైటు, మీరే రాసిన కోడు, దాని అర్థం మాత్రం మీ లోపలి పత్రాల్లో ఉండిపోయింది.

తర్వాత రికవరీ ఫైల్ కోసం వెతికాను. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీలో ఎవరైనా ఒక్కరోజు మా స్థానంలో కూర్చుని చూస్తే ఇది ఈపాటికే మారి ఉండేది. ఆ మోడల్ సపోర్ట్ పేజీలో బయోస్ కింద ఒకే ఒక్క డౌన్‌లోడ్ ఉంది, అదీ ఈఎక్స్ఈ ఫైల్. దాన్ని ఎక్కడ నడపాలి? అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ తెరిచి నడపాలి. వేరే కంప్యూటర్లో నొక్కితే ఈ మోడల్ ఇది కాదని చెప్పి ఆగిపోతుంది. అంటే ఆన్ కాని మెషీన్‌ని బాగుచేసే ఫైల్ ఆ మెషీన్ ఆన్ అయితేనే తెరుచుకుంటుంది. కొన్ని మోడళ్ళలో పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, సరైన పేరుతో ఫైల్ పెట్టి, రెండు కీలు పట్టుకుని పవర్ నొక్కితే బయోస్ తనంతట తాను తిరిగి ఎక్కే పద్ధతి ఉంటుంది. మా చెల్లి మోడల్‌కి అది ఉందో లేదో పేజీలో ఒక్క ముక్క లేదు. ఫైల్ పేరు ఏం ఉండాలో లేదు. నేను ఊహించి నాలుగు పేర్లతో, మూడు రకాల కీలతో ప్రయత్నించాను. పెన్‌డ్రైవ్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే సీరియల్ నంబర్ అడిగి, వారంటీ అయిపోయి రెండు నెలలైందనీ, మదర్‌బోర్డ్ మార్చాలనీ చెప్పారు. ల్యాప్‌టాప్ చూడకుండానే. మార్చాలంటే అయ్యే ఖర్చు ఆ ల్యాప్‌టాప్ కొన్న ధరలో సగానికి పైనే. అప్‌డేట్ మీ దగ్గరి నుంచే వచ్చింది కదండీ అంటే, "అది సాఫ్ట్‌వేర్ సార్, ఇది హార్డ్‌వేర్ ప్రాబ్లమ్" అన్నారు. ఫోన్లో మాట్లాడిన అబ్బాయిని నేనేమీ అనను, తన ముందున్న కాగితంలో రాసున్నదే చదివాడు. ఆ కాగితం రాసినవాళ్ళకే ఈ ఉత్తరం.

ఈలోగా అసలు టెన్షన్ థీసిస్ గురించి. ఫైళ్ళన్నీ ఉండే ఎస్ఎస్‌డీ విడిగా తీయగలిగే మోడల్ కావడం అదృష్టం, బోర్డుకే అతికించి ఉంటే ఆ కథ అక్కడే ముగిసేది. తీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) కీ అడిగింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందని మా చెల్లికి ఆ నిమిషం దాకా తెలియదు, ల్యాప్‌టాప్ మొదటిసారి సెటప్ చేసుకున్నప్పుడే అది దానంతట అదే ఆన్ అయిపోయింది. కీ తన ఆన్‌లైన్ అకౌంట్లో ఉండొచ్చని నేనంటే, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఏ నోట్‌బుక్‌లో రాసుకుందో వెతకడానికి సాయంత్రం దాకా పట్టింది. దొరికింది. ఒక్కో అంకె నేను చదువుతుంటే తను టైప్ చేసింది, చివరి గుంపు కొట్టేటప్పుడు తన చేతులు వణకడం నేను చూశాను. ఫోల్డర్ తెరుచుకున్నాక ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. బయోస్ మారితే ఆ తాళాన్ని కాపాడే టీపీఎం చిప్‌లోని కొలతలు మారి డిస్క్ కీ అడగొచ్చనీ, అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపి పెట్టాలనీ, రికవరీ కీ ఎక్కడుందో ముందే చూసుకోవాలనీ మీ ఇంజినీర్లందరికీ తెలుసు. అప్‌డేట్ నొక్కే ముందు ఆ ఒక్క వాక్యం మా చెల్లికి ఎందుకు చూపించలేదు?

మూడో రోజు చిప్ లెవల్ పనిచేసే ఒక టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ చూసిందాన్ని వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరు "మదర్‌బోర్డ్ మార్చాలి" అన్న మాట వెనక అసలు ఏముందో నేను నా కళ్ళతో చూశాను.

ఆయన వెనక మూత విప్పి, బ్యాటరీ తీసి, బోర్డుని మైక్రోస్కోప్ కింద పెట్టి, 25తో మొదలయ్యే నంబరున్న ఒక చిన్న నల్ల చిప్ చూపించారు. చిటికెన వేలి గోరంత ఉంటుంది, అటు నాలుగు కాళ్ళు, ఇటు నాలుగు కాళ్ళు. బయోస్ మొత్తం అందులోనే, 16 మెగాబైట్లు. ఫోన్లో తీసుకునే నాలుగైదు ఫొటోలంత. అది 3.3 వోల్టులదా 1.8 వోల్టులదా అని ముందు డేటాషీట్లో చూసుకున్నారు, తప్పు వోల్టేజి ఇస్తే చిప్ పోతుందట. తర్వాత బట్టలారేసే క్లిప్పులాంటిది ఒకటి ఆ ఎనిమిది కాళ్ళ మీద పట్టించి, ప్రోగ్రామర్ అనే చిప్ చదివే, రాసే పరికరానికి కలిపి, చిప్‌లో ఉన్నదంతా కంప్యూటర్లోకి చదివించారు. ఒకసారి చదివి ఊరుకోలేదు, రెండోసారి చదివి రెండూ ఒకటేనా అని పోల్చుకున్నారు. స్క్రీన్ మీద వరుసలు కిందికి జరుపుతూ పోతుంటే మొదట అంకెలూ అక్షరాలూ కలగలిసి కనిపించాయి, ఒకచోట నుంచి మాత్రం ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్ అని పేజీల కొద్దీ అదే. "ఇదిగో చూడండి, ఇక్కడిదాకా చెరిపింది, మళ్ళీ రాయలేదు" అన్నారు. చెరిగిన ఫ్లాష్ చిప్ అలాగే కనిపిస్తుంది, ఖాళీ గోడలా. ప్రాసెసర్ బాగుంది, ర్యామ్ బాగుంది, స్క్రీన్, కీబోర్డ్ అన్నీ బాగున్నాయి. ఆన్ అవ్వగానే మొట్టమొదట చదవాల్సిన పాఠం అక్కడ లేదు, అంతే.

పాత డంప్‌ని, అంటే చిప్‌లోంచి అలా చదివి పెట్టుకున్న కాపీని, ఆయన పారేయలేదు. సీరియల్ నంబర్, విండోస్ లైసెన్స్ కీ, ఆ మెషీన్‌కే చెందిన ఇంకొన్ని సెట్టింగులు అందులోనే ఉంటాయి కాబట్టి, వేరే ల్యాప్‌టాప్ ఫైల్ తెచ్చి ఎక్కించేస్తే అవి పోతాయి. మీ ఈఎక్స్ఈ ఫైల్‌ని విప్పి లోపలున్న బయోస్ బయటికి తీసి, పాత డంప్‌లోని ఆ భాగాలని దానికి కలిపి కొత్త ఫైల్ తయారు చేయడానికి గంటకు పైగా పట్టింది. రాయడానికి పట్టింది ఐదారు నిమిషాలు. క్లిప్పు తీసి, పవర్ నొక్కి, "ఇప్పుడు తొందరపడకండి" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండు నిమిషాలు చీకటి. తర్వాత లోగో వచ్చింది.

నేను ఆ లోగో చూస్తూ మీ గురించే ఆలోచించాను. మీ దగ్గర అసలు ఫైల్ ఉంది, విప్పుకోవాల్సిన అవసరం లేదు. ఏ మోడల్లో చిప్ ఎక్కడుందో బోర్డు పటం ఉంది. ప్రోగ్రామర్ కొనడం మీకొక లెక్క కాదు. అయినా మీ సర్వీస్ సెంటర్లో ఆ పని చేయరు, బోర్డు మొత్తం మార్చమంటారు. ప్రాసెసర్‌తో, చాలా మోడళ్ళలో అతికించి ఉన్న ర్యామ్‌తో సహా అన్నీ బాగున్న బోర్డుని, 16 మెగాబైట్ల రాత చెరిగిపోయినందుకు చెత్తలోకి పంపడం నాకు ఏ విధంగానూ మింగుడు పడడం లేదు. ఇంకో సంగతి, అందరికీ ఇలాంటి టెక్నీషియన్ దొరకడు, దొరికినా కొన్ని మోడళ్ళలో ఇది కుదరదు. బూట్ గార్డ్ లాంటి రక్షణ ఉన్నవాటిలో మీ సంతకం లేని కోడ్‌ని ప్రాసెసర్ ఒప్పుకోదు. భద్రత కోసం ఆ తాళం మీరు వేశారు, మంచిదే, నేను కాదనను. తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉన్నప్పుడు తలుపు తీయాల్సిన బాధ్యత కూడా మీ ఒక్కరిదే అవుతుంది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు మానేయమని నేను అడగడం లేదు, అది చాలా స్పష్టంగా చెప్పాలి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటపడ్డప్పుడు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) మార్పులు బయోస్ అప్‌డేట్ల ద్వారానే చాలామందికి చేరాయి. అప్పుడు కూడా తొందరలో వచ్చిన మైక్రోకోడ్‌తో మెషీన్లు వాటంతటవే రీస్టార్ట్ అవుతుంటే, ఆ నెలలోనే ఇంటెల్ దాన్ని వాడడం ఆపమని చెప్పింది. 2023లో లోగోఫెయిల్ వచ్చింది, ఆన్ అయ్యేటప్పుడు కనిపించే లోగో బొమ్మని చదివే కోడ్‌లోనే లోపాలు. ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌కి వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు తీరడం 2026 జూన్‌తో మొదలు కాబట్టి వాటి కోసం కూడా కొన్ని పాత మెషీన్లకు బయోస్ అప్‌డేట్ అవసరం పడుతుంది. అంటే ఇకముందు మమ్మల్ని ఈ పని ఎక్కువసార్లు చేయమంటారు. ఒక్కసారి ఇలా ల్యాప్‌టాప్ పోయినవాళ్ళ ఇంట్లో ఇంకెవరూ అప్‌డేట్ నొక్కరు. మా ఇంట్లో మా నాన్న తన ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లన్నీ ఆపేయమని నన్ను ఆ వారమే అడిగారు. వద్దని ఆయనకి చెప్పడానికి నా దగ్గర గట్టి మాట లేకపోయింది.

బయోస్ చిప్ చెరిగిపోతే మెషీన్ లేవదన్నది ఎవరికీ కొత్త విషయం కాదు. సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న చేసింది అదే, ఎన్నో కంప్యూటర్లలో బయోస్‌ని చెరిపేసింది. పరిష్కారం కూడా కొత్తది కాదు. క్రోమ్‌బుక్‌లలో ఫర్మ్‌వేర్ చిప్‌లోనే కొంత భాగం ఎవరూ తిరగరాయలేనిదిగా ఉంచి, మార్చే భాగాన్ని ఎ, బి అని రెండు ప్రతులుగా పెడతారు. ఒకదాన్ని మారుస్తుంటే రెండోది పాతదిగా నిలబడి ఉంటుంది, కొత్తది లేవకపోతే అది లేస్తుంది. ఫోన్లలో ఆండ్రాయిడ్ 7.0తో, 2016లో, ఇలాంటి రెండు ప్రతుల పద్ధతే వచ్చింది. డెస్క్‌టాప్ బోర్డుల్లో రెండు బయోస్ చిప్‌లు పెట్టినవి ఎప్పటినుంచో ఉన్నాయి. అమెరికాలో ప్రమాణాలు రాసే నిస్ట్ సంస్థ 2018లో 800-193 అనే పత్రంలో ఫర్మ్‌వేర్‌కి మూడు గుణాలు ఉండాలని చెప్పింది: పాడవకుండా కాపాడుకోవడం, పాడైతే పసిగట్టడం, తిరిగి కోలుకోవడం. మొదటిదాని మీద మీరు చాలా శ్రద్ధ పెట్టారు. మూడోదాని దగ్గరే మేం ఆగిపోతున్నాం.

పైగా మీలో చాలామంది ఆ మూడోది కూడా చేశారు. సంస్థలకు అమ్మే ఖరీదైన మోడళ్ళలో బయోస్ పాడైతే దాచి ఉంచిన ప్రతి నుంచి తనంతట తానే బాగయ్యే ఏర్పాటు ఉంది. అందులో పనిచేసే ఇంజినీర్ల మీద నాకు గౌరవం ఉంది, ఒక్కో మోడల్‌కి పది రకాల ర్యామ్‌లు, నాలుగు రకాల స్క్రీన్లు పెట్టుకుని అన్నింటిలో పరీక్షించడం తేలిక కాదని తెలుసు. కానీ సంస్థల దగ్గర ఐటీ విభాగం ఉంటుంది, పక్కన ఇంకో ల్యాప్‌టాప్ ఉంటుంది. చదువుకునే అమ్మాయికి ఉన్నది ఒక్కటే. కోలుకునే శక్తి ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ మెషీన్‌లోనే దాన్ని తీసేస్తున్నారు. మీరు అమ్మే ప్రతి మోడల్లో, అన్నింటికన్నా తక్కువ ధర ఉన్నదాంట్లో కూడా, పాడవని ఒక రికవరీ భాగం ఉండాలి. ముందుగా అడిగేది ఇదే.

అది రాబోయే మోడళ్ళకి. ఇప్పటికే అమ్మేసినవాటికి మీరు రేపే చేయగలిగినవి ఉన్నాయి. సపోర్ట్ పేజీలో ఈఎక్స్ఈతో పాటు విడి బయోస్ ఫైల్ కూడా పెట్టండి, ఏ పేరుతో పెన్‌డ్రైవ్‌లో వేయాలో, ఏ కీలు పట్టుకోవాలో రాయండి, ఆ సౌకర్యం లేని మోడల్ అయితే లేదని రాయండి. లేదని తెలిస్తే మేం రాత్రంతా కూర్చుని పేర్లు మార్చి మార్చి ప్రయత్నించం కదా. లైటు మిణుకులకి అర్థం రాయండి. అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ ఇన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు, భయపడి పవర్ నొక్కకండి అని అప్‌డేట్‌కి ముందే చెప్పండి. చెప్పకపోవడం వల్ల మధ్యలో పవర్ నొక్కి నిజంగానే పాడు చేసుకునేవాళ్ళు ఉంటారు, ఆ తప్పు వాళ్ళది అనడానికి మనసొప్పదు.

ఫర్మ్‌వేర్‌ని మామూలు అప్‌డేట్ల గుంపులో కలిపి షట్‌డౌన్ బటన్ వెనక పెట్టకండి. ఇది వేరే రకం పని అని మాకు తెలిసేలా విడిగా అడగండి. రాత్రి పడుకోబోయే మనిషికి, రేపు ఏదో సమర్పించాల్సి ఉన్న మనిషికి, "ఈ వారాంతం చేసుకుంటాను" అనే వీలు ఉండాలి.

ఒక అప్‌డేట్‌తో మెషీన్లు ఆగిపోతున్నాయని మీకు తెలిసిన రోజున దాన్ని వెనక్కి తీసుకుంటారు, బాగానే ఉంది, కానీ పేజీలోంచి ఆ వెర్షన్ పేరు మాయం చేసి ఊరుకుంటే ఇంట్లో ఆగిపోయిన ల్యాప్‌టాప్ పెట్టుకున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది? ఫలానా వెర్షన్, ఫలానా మోడల్, ఈ సమస్య ఉంది, మీది ఆగిపోయి ఉంటే ఇలా రండి అని రాసి పెట్టండి. నేను వెతికినప్పుడు ఆ వెర్షన్ ఆ పేజీలో లేదు, దానికి ముందుదే ఉంది.

ఇక వారంటీ. సంవత్సరమో రెండేళ్ళో అయిపోయాక మెషీన్ తనంతట తాను పాడైతే ఆ ఖర్చు మాదే, ఒప్పుకుంటాం. మీరు పంపిన ఫైల్ ఎక్కుతూ పాడైతే గడువు లెక్క ఎలా వర్తిస్తుంది? గడువు అయిపోయిన ల్యాప్‌టాప్‌కి అప్‌డేట్ పంపే హక్కు మీకుంటే, ఆ అప్‌డేట్‌తో ఆగిపోయినదాన్ని ఉచితంగా లేపాల్సిన బాధ్యత కూడా అదే గడువు దాటి ఉండాలి. బోర్డు మార్చమని అడగడం లేదు, చిప్ తిరిగి రాసివ్వమంటున్నాను. ఆ పని చేయగల మనిషినీ, ఆ పరికరాన్నీ ప్రతి సర్వీస్ సెంటర్లో ఉంచండి. ముందు అది ప్రయత్నించకుండా బోర్డు మార్చాలని చెప్పకూడదని మీ వాళ్ళ ముందున్న ఆ కాగితంలో రాయండి.

మా చెల్లి అధ్యాయం పూర్తి చేసింది. ఎస్ఎస్‌డీ కాపీ ఒకటి నా దగ్గర, ఒకటి తన దగ్గర ఉంది, 48 అంకెల కీ కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుంది. నిన్న సాయంత్రం మళ్ళీ ఆ అప్‌డేట్ల జాబితాలో ఫర్మ్‌వేర్ అని ఒక కొత్త నంబరు వచ్చింది. ఈసారి అది ఏమిటో తనకి తెలుసు కాబట్టి నొక్కకుండా ఫొటో తీసి నాకు పంపి, "ఏం చేయమంటావ్ అన్నయ్యా?" అని అడిగింది. ఆ మోడల్‌కి పెన్‌డ్రైవ్ రికవరీ ఉందా లేదా అని మీ సపోర్ట్ అడ్రస్‌కి మోడల్ నంబరుతో సహా రాశాను. మీ జవాబు వచ్చేదాకా ఆగమని తనకి చెప్పాను.